ఎర్రనీళ్ళ గొట్టం

రసమట్టం మేస్త్రికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది. ముప్ఫై ఏళ్ళ కిందటే అది వాడుకలోంచి జారిపోయింది. రసమట్టం అంటే తెలుసుగా, చిన్న గాజు గొట్టంలో ఒక గాలి బుడగని బంధిస్తారు, ఆ బుడగ నడిమధ్యకొస్తే కింద ఉన్నది సమంగా ఉన్నట్టు లెక్క. తాపీ పని చేసేవాళ్ళందరి దగ్గరా ఉండేదే. మిగతావాళ్ళు సాయంత్రం దాన్ని సంచిలో పడేసి ఇంటికి పోతారు. ఈయన మాత్రం చొక్కా జేబులో పెట్టుకుని పెళ్ళిళ్ళకీ పరామర్శలకీ కూడా వెళతాడు.

ఎవరింటికైనా వెళ్ళాడంటే, కూర్చోమనే లోపే గోడల మీది ఫొటోలు సరిచేసేస్తాడు. బావమరిది ఇంట్లో భోజనాల బల్లకి ఒక కాలు పొట్టిదని కనిపెట్టి, దాని కింద అట్టముక్క దోపేదాకా ఒక్క ముద్ద ముట్టుకోలేదు. ఒకసారి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరాడు. మంచం తలవైపు నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉందని నర్సుతో తగువు పెట్టుకున్నాడు. కొందరు రోగులకి కావాలనే అలా పెడతామని ఆ పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "కావాలని వంకరగా పెట్టేవాళ్ళని చాలామందిని చూశానమ్మా, వాళ్ళని కాంట్రాక్టర్లంటారు" అన్నాడీయన. ఆపరేషన్ చేసిన డాక్టరు మర్నాడు కుట్లు చూడటానికి వస్తే, కుట్లు తిన్నగా పడలేదని ఆయనకీ ఒక పాఠం చెప్పాడు. రెండు రోజులు ముందుగానే ఇంటికి పంపేశారంటే పంపేయరూ మరి!

ఇంత తిన్నని మనిషితో ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసింది ఆయన భార్య. దర్జీ పని చేస్తుంది. కర్టెన్లు, సోఫా గలీబులు, బిగుతైన ప్యాంట్లు వదులు చేయడాలు, వదులైనవి బిగించడాలు. వీధిలో ఎవరికే బట్ట చిరిగినా ముందు గుర్తొచ్చేది ఈవిడే. మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి కాబట్టి రెండూ కుదరవని ఆవిడే అంటుంది.

ఆవిడ పని గది ఇంటి కింద ఉంది. సగం భూమిలోకి దిగిన గది, మనిషెత్తు మీద ఒక చిన్న కిటికీ. ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ గది నేల మేస్త్రి ఒక్కడే, ఇంకెవరి చెయ్యీ తగలనివ్వకుండా పోసుకున్నాడు. అది ఆయన జీవితంలోకెల్లా గొప్ప నేల. ఎందుకు గొప్పదో తెలియని చుట్టం లేడు. వచ్చినవాళ్ళని ముందు కిందికి తీసుకెళ్ళి, గది మధ్యలో గాజు గోళీ పెట్టి వదిలేవాడు. అది ఎటూ దొర్లేది కాదు. "చూశారా?" అనేవాడు. కదలని గోళీని ఎంతసేపని చూస్తారు పాపం, అయినా చూసేవాళ్ళు.

ఆ గదిని భార్యకి ఇచ్చింది ప్రేమతోనే. ఆ మాట చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. వేసవిలో చల్లగా ఉంటుందనీ, ఇంట్లో అంత మంచి నేల ఇంకోటి లేదనీ ఇచ్చాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ రోజుకి తొమ్మిది గంటలు ఆ నేల మీద కుట్టు మిషను పెట్టుకుని కూర్చుంటోంది.

ఒకరోజు ఆవిడ అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బీ ఒకటి తెచ్చి పని గదిలో బట్టల అలమర మీద పెట్టింది. ఊళ్ళో ఆరోగ్య విభాగంవాళ్ళు అడిగినవాళ్ళందరికీ ఉచితంగా ఇస్తున్నారట.

"ఏమిటది?" అన్నాడు మేస్త్రి.

"రేడాన్ డబ్బీ. భూమిలోంచి ఒక గ్యాసు వస్తుందటండీ. బయటైతే గాల్లో కలిసి పోతుంది, ఇంట్లోకొస్తే పేరుకుంటుందట. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకి క్యాన్సర్ రావచ్చంటున్నారు."

"ఎలా ఉంటుందా గ్యాసు?"

"కనపడదు."

"వాసన?"

"రాదు."

"రుచి?"

"అదీ లేదట."

"అయితే మీ అన్నయ్య తెలివి లాంటిదన్నమాట" అన్నాడు. తన మాటకి తనే నవ్వుకుని, డబ్బీ ఒక పక్కకి ఒరిగినట్టనిపించి, దాని కింద కాగితం మడిచి పెట్టి సరిచేసి వెళ్ళిపోయాడు. విజ్ఞానశాస్త్రానికి ఆయన చేసిన మొదటి సేవ అది.

మూడు నెలల తరవాత ఆ డబ్బీని పరీక్షకి పోస్టులో పంపారు. గాల్లో ఆ గ్యాసు లెక్క రెండు వందలు దాటితే ఏదో ఒకటి చేయాలని ఆ విభాగంవాళ్ళ నిబంధన. వీళ్ళకి ఆరు వందల నలభై అని కాగితం వచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, సూదుల పెట్టెలో పెట్టుకుంది. ఆ రోజు నుంచి చలిగాలి ఈడ్చి కొడుతున్నా సరే, కిటికీ తెరిచి పెట్టుకుని, భుజాలకి శాలువా చుట్టుకుని, తుమ్ముతూ కుట్టింది. భయమేసిందని ఎవరితోనూ అనలేదు గానీ చాలా భయమేసింది.

మేస్త్రికి కూడా చాలా బాధ కలిగింది, నేల గురించి.

వారం తిరక్కుండా రేడాన్ అమ్మాయి వచ్చింది. అమ్మాయంటే ముప్ఫై ఐదేళ్ళ మనిషే. ఇళ్ళల్లో ఈ గ్యాసు తగ్గించే పని చేస్తుంది. ఎప్పుడూ మోకాళ్ళ మీద నేల అంతా పాకుతుంటుంది కాబట్టి ప్యాంటుకి మోకాళ్ళ దగ్గర మందపాటి దిండ్లు కట్టుకుంటుంది.

"భూమిలో ఉన్న గ్యాసు నేలలో సందులుంటే అందులోంచి పైకొస్తుంది" అంది.

మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు. "సందా? నా నేలలోనా? ఏదీ, చూపించు. వెంట్రుకంత బీట చూపించు, ఇవాళ్టి నుంచి తాపీ ముట్టుకుంటే ఒట్టు!"

ఆ అమ్మాయి వాదించలేదు. సన్నగా పొగ వచ్చే పుల్ల ఒకటి వెలిగించి, గోడా నేలా కలిసే మూలకి తీసుకెళ్ళింది. అక్కడ గోడ పొడవునా వేలెడు సందు ఉంది, అందులో మెత్తటి పట్టీ కూరి ఉంది. ఆ పుల్ల పొగ సందు దగ్గరికి రాగానే, కింద ఎవరో ఊదుతున్నట్టు పైకి లేచింది.

"అది బీట కాదు" అన్నాడు మేస్త్రి. "ఎండకి నేల వ్యాకోచించడానికి నేనే వదిలాను. అది వదలనివాడు మేస్త్రే కాడు."

"అవును మేస్త్రిగారూ, మంచి మేస్త్రి తప్పకుండా వదిలే సందే అది. మీ పనిలో తప్పేం లేదు. ఇల్లే చలికాలంలో కింద నుంచి గాలి పీల్చుకుంటుంది."

మెచ్చుకుంటూ తప్పు పడితే ఎవరి మీద విరుచుకుపడాలో తెలియదు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఇక విరుగుడు ఏమిటో విన్నాక ఆయన మొహం చూడాల్సింది. గోడవారన నేలకి బెత్తెడు కంత పెట్టాలట. ఆ కంతలోంచి బకెట్టెడు మట్టీ కంకరా తీసి, గొట్టం దించి, అటక మీద ఫ్యాను పెట్టి, కింది గాలిని ఇంట్లోకి రాకముందే లాగి కప్పు పైన వదిలేయాలట. ఆ సందుల్ని కూడా మూసేయాలట.

"నేను పోసిన నేలకి కంతా!" అన్నాడు. ఆ మాట నాలుగు నెలలు అన్నాడు. భోజనం దగ్గర అన్నాడు, పక్కింటాయనతో అన్నాడు, అద్దంలో చూసుకుంటూ అన్నాడు. చివరికి ఒక పొద్దున ఆవిడ మిషనునీ, కత్తిరించే బల్లనీ, పదహారు బట్టల మూటల్నీ పైకి మోసుకొచ్చి ముందు గదిలో, సరిగ్గా ఆయన పేపరు చదువుకునే కుర్చీ ఉన్న చోట పెట్టింది.

"కంత మీ నేలకి పెడతారా, నా ఊపిరితిత్తులకి పెడతారా, మీరే తేల్చుకోండి" అంది నోట్లోంచి సూదులు తీసి.

కంత మేస్త్రే పెట్టాడు. ఇంకొకరి చేత పెట్టించడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు. ఎంత గుండ్రంగా పెట్టాడంటే, రేడాన్ అమ్మాయి తన పదకొండేళ్ళ పనిలో అలాంటి కంత చూడలేదంది. దాంతో ఆయనకి కాస్త ఊరట కలిగింది.

అన్నీ బిగించాక ఆ అమ్మాయి చివరగా గొట్టానికి ఒక చిన్న గాజు పరికరం తగిలించింది. ఆంగ్ల అక్షరం 'యు' ఆకారంలో వంచిన సన్నటి గొట్టం, అందులో ఎర్రరంగు నీళ్ళు. ఫ్యాను వేయగానే ఒక పక్క నీళ్ళు పైకి లేచాయి, రెండో పక్క కిందికి దిగాయి. "ఈ తేడా ఉన్నంతకాలం ఫ్యాను లాగుతున్నట్టు. రెండు పక్కలా సమంగా అయిపోయాయంటే లాగడం ఆగిపోయినట్టు, వెంటనే నాకు ఫోన్ చేయండి" అని ఆ అమ్మాయి చెబుతున్నప్పుడు, దర్జీ ఆవిడ పై గదిలో ఒక గిరాకీకి కొలతలు తీస్తోంది. మేస్త్రి అక్కడే ఉన్నాడు. కాకపోతే దారానికి గుండు కట్టి, పైపు నిలువుగా ఉందో లేదో చూసుకుంటున్నాడు. చెవులు ఖాళీగానే ఉన్నాయి గానీ మనసు గుండు దగ్గరుంది. ఆ అమ్మాయి ఎందుకైనా మంచిదని అదే విషయం అచ్చువేసిన కాగితం గొట్టం పక్కన గోడకి అంటించి వెళ్ళింది.

నెల తరవాత మళ్ళీ డబ్బీ పెట్టి చూస్తే యాభై రెండు వచ్చింది. ఆరు వందల నలభై ఎక్కడ, యాభై రెండు ఎక్కడ! దర్జీ ఆవిడ ఆ కాగితం చూసి, సూదులు లేని నోటితో ఒకసారి గట్టిగా నవ్వింది. మిషను మళ్ళీ కిందికి దిగింది. అయినా ఇంకా నమ్మకం చాలక కిటికీ మాత్రం తెరిచే ఉంచుకునేది.

కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. కానీ ఇంట్లో ఉన్నది రసమట్టం మేస్త్రి.

మొట్టమొదట, ఆ అమ్మాయి గొట్టం పక్కన గోడకి అంటించిన కాగితం వంకరగా ఉంది. ఒక చివర రెండో చివరకన్నా గోరంత కింద. మేస్త్రి రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు తీసి తిన్నగా అంటిద్దామని గోటితో పీకితే, అది ముక్కలైంది. ముక్కలు తీసి చెత్తబుట్టలో వేసి, గోడ శుభ్రంగా తుడిచాడు. ఏం రాసుందో చదవలేదు. వంకర కాగితం మీద పనికొచ్చేది ఏముంటుందిలే అనుకున్నాడేమో.

ఆ తరవాత ఎర్రనీళ్ళు. ఆయన పరిస్థితి ఒకసారి ఆలోచించండి. ముప్ఫై ఏళ్ళుగా గాజు గొట్టంలో ద్రవం చూసి మంచిచెడ్డలు తేల్చే మనిషి. ఆయన సొంత ఇంట్లో, సొంత నేల మీద, ఒక గాజు గొట్టంలో నీళ్ళు ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. కన్నంతా అటే పోయేది. గొట్టాన్ని అటు వంచాడు, ఇటు వంచాడు. మేకు మార్చాడు. నీళ్ళు వినలేదు. "పిల్ల పని తొందర పని" అని తేల్చేశాడు. ఫోన్ చేసి అడగొచ్చుగా అంటారేమో. అడగడం ఆయన వంశంలో లేదు.

ఒక మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు మారుస్తూ ఇంటికంతటికీ కరెంటు ఆపాడు. సరిగ్గా అప్పుడు మేస్త్రి కిందే ఉన్నాడు. ఆయన కళ్ళముందే ఎర్రనీళ్ళు ఒక పక్క దిగుతూ, ఒక పక్క ఎక్కుతూ, గీత గీసినట్టు సమంగా నిలబడ్డాయి. ఆయనకి ఒళ్ళు పులకరించింది. కరెంటు వచ్చింది, నీళ్ళు మళ్ళీ చెదిరాయి. ఇంకేముంది, దొంగ దొరికాడు. చెదరగొడుతున్నది ఫ్యాను! పైపు ఉంది, కంత ఉంది, పొగగొట్టంలో పొగలాగా గ్యాసు దానంతటదే పోతుంది, మధ్యలో ఈ ఫ్యాను ఎందుకు? అటకెక్కి స్విచ్చి ఆపేశాడు. కిందికి దిగొచ్చి, సమంగా నిలిచిన నీళ్ళని పది నిమిషాలు తనివితీరా చూసుకున్నాడు. తన ఇంట్లో ఊపిరి పోస్తున్న ఒకే ఒక్క యంత్రాన్ని స్వహస్తాలతో ఆపేసి, ఆ రోజు ఆయన చాలా హాయిగా భోజనం చేశాడు.

"అటక మీద చప్పుడు వినపడట్లేదేమండీ?" అంది ఆవిడ రెండు రోజుల తరవాత.

"సరిచేశాను. ఆ పిల్ల సరిగ్గా బిగించలేదు."

"గొట్టం బాగానే ఉందా మరి?"

"బ్రహ్మాండం. చూడు కావాలంటే, గీసినట్టు మట్టం."

ఆవిడ చూసింది. సమంగానే ఉన్నాయి నీళ్ళు. మట్టం గురించి ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? "ఇక ఆ కిటికీ మూసెయ్, చలికి చస్తున్నావు" అన్నాడు, అది కూడా ప్రేమతోనే. మూసేసింది. ఆ తరవాత రోజూ పొద్దున్నే మిషను ముందు కూర్చునేటప్పుడు, "గొట్టం ఎలా ఉందండీ?" అని అడిగేది. "బ్రహ్మాండం" అని ఆయన మెట్ల మీద నుంచే చెప్పేవాడు. అలా పదమూడు నెలలు.

పదమూడు నెలల తరవాత రేడాన్ అమ్మాయి వచ్చింది, పరీక్ష కోసం కాదు, ప్యాంటు కోసం. మోకాళ్ళ దగ్గర మళ్ళీ చిరిగిపోయింది. మిషను పక్కన నిలబడి, మాసిక ఎలా వేయాలో చెబుతూ చెబుతూ గోడవైపు చూసింది. మాట మధ్యలో ఆగిపోయింది.

"అక్కా, కరెంటు పోయిందా?"

"లేదే. మిషను నడుస్తోందిగా."

"ఇక్కడ నేనంటించిన కాగితం ఏది?"

మేస్త్రి మెట్లు దిగుతూ విన్నాడు. "నేనే తీశానమ్మా. వంకరగా అంటించావు."

"ఈ నీళ్ళు ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నాయి?"

"చాలాకాలమైంది" అన్నాడు మేస్త్రి, ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళకే సరిచేశాను. నీ ఫ్యాను దాన్ని చెదరగొడుతోంది, ఆపేశాను. అప్పటి నుంచి చూడు, వెంట్రుకంత తేడా రాలేదు."

ఆ అమ్మాయి ఆయన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకే తేలికగా ఉండేది. సంచిలోంచి రేడాన్ కొలిచే చిన్న మీటరు తీసి బల్ల మీద పెట్టింది. "సమంగా ఉన్నాయంటే లాగడం లేదని అర్థం మేస్త్రిగారూ. అది నేలమట్టం చూసేది కాదు" అని మాత్రం అంది. మీటరు లెక్క తేల్చడానికి కాసేపు పట్టింది. మీటరు ఆరు వందల తొంభై చూపించింది.

"మొదటిదాని కన్నా ఎక్కువ" అంది దర్జీ ఆవిడ.

"కిటికీ మూసి ఉందిగా అక్కా."

"ఈయనే మూయమన్నారు. గొట్టం బాగుందన్నారని మూశాను." ఆవిడ గొంతులో కోపం లేదు. ఒక పెద్ద గుడ్డ తప్పు కొలతకి కత్తిరించేశానని తెలిసినప్పటి గొంతు అది. "పదమూడు నెలలమ్మా. నాకేమవుతుంది?"

"ఇప్పుడేం చెప్పలేమక్కా. జబ్బు వస్తుందని కాదు, చాలామందికి రాదు. ఇవాళ్టి నుంచి తగ్గిద్దాం. పీల్చింది మాత్రం వెనక్కి తీయలేం."

మేస్త్రి అటక మీదికి పరుగెత్తాడు. అరవై ఏళ్ళ మనిషి నిచ్చెన రెండేసి మెట్లు చొప్పున ఎక్కాడు. స్విచ్చి వేశాడు. ఫ్యాను గుయ్యిమంది. ఆ చీకటి అటక మీద నాలుగు నిమిషాలు ఆ చప్పుడు వింటూ కూలబడ్డాడు. జీవితంలో ఎన్ని వందల ఇళ్ళ నేలలు చూశాడో, ఏది వంకరో ఏది తిన్నగా ఉందో తనని అడగని మనిషి ఊళ్ళో లేడు. సొంత భార్య రోజూ పొద్దున్నే అడిగింది. రోజూ తప్పే చెప్పాడు.

కిందికి వచ్చేసరికి ఎర్రనీళ్ళు ఒక పక్కకి లేచి ఉన్నాయి. మేస్త్రి వాటి ముందు నిలబడ్డాడు. మామూలుగా అయితే చేతులు ఊరుకునేవి కావు. ఇవాళ చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి.

"తప్పయిపోయిందే" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆయన నోట ఆవిడ మొదటిసారి విన్నది. కుర్చీలోంచి లేచి కిటికీ తెరిచింది. తరవాత రేడాన్ అమ్మాయి వైపు తిరిగింది.

"బట్ట మీద నూలుపోగంత తేడా వస్తే కంటితో పట్టేస్తానమ్మా నేను. ఈ గొట్టం నా కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉంది. ఇన్నాళ్ళూ ఎలా ఉందని ఈయన్ని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు. ఎలా చూడాలో నాకు చూపించు."

"అదెంతసేపక్కా, రా."

దర్జీ ఆవిడ గోడ దగ్గరికొచ్చింది. మేస్త్రి ఇంకా అక్కడే, గొట్టానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మీరు కాస్త పక్కకి జరగండి" అంది. "నాకు కనపడట్లేదు."

ఆయన జరిగాడు.